డై కొట్టించే ముందు పది ముక్కలు: సిలికాన్ అచ్చులో రెసిన్ పోత పోసుకోవడం ఎలా

ఒక ప్లాస్టిక్ పార్టుకి ఇంజెక్షన్ డై, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో నింపే స్టీలు అచ్చు, కొట్టించాలంటే లక్షల్లో మాట. పైగా స్టీలులో చెక్కిన గాడిని ఇంకాస్త పెద్దది చేయించొచ్చు గానీ, ఎక్కువ చెక్కేసినచోట మళ్లీ పూడ్చాలంటే పెద్ద తలనొప్పి. అందుకే డై జోలికి వెళ్లకముందే ఆ పార్టు పది పన్నెండు ముక్కలు చేతిలో ఉండాలి, వాటిని నిజంగా వాడేచోట బిగించి నెలో రెండు నెలలో తిప్పి చూడాలి. ఆ పది ముక్కల్ని ఇంటి పక్క షెడ్డులోనే చేసుకునే దారి ఒకటుంది. సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి అందులో రెసిన్, అంటే రెండు ద్రవాలు కలిపితే ప్లాస్టిక్‌లా గట్టిపడేది, పోయడం.

మాది భీమవరం పక్క. చుట్టూ వనామీ రొయ్యల చెరువులే కాబట్టి నా పనంతా నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు, మేత చల్లే ఆటో ఫీడర్ల చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఉదాహరణగా ఆటో ఫీడర్ కింద తిరుగుతూ మేత విసిరే చక్రాన్నే తీసుకుంటాను. 120 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న పళ్లెం, దాని మీద 25 మి.మీ. ఎత్తున నాలుగు రెక్కలు, మధ్యలో షాఫ్ట్ కూర్చునే బొడ్డు, అన్నీ కలిపి 30 మి.మీ. ఎత్తు. రెక్క వంపు కాస్త మారితే మేత పడే దూరం మారిపోతుంది కాబట్టి ఒకటికి నాలుగుసార్లు మార్చి చూడక తప్పదు. త్రీడీ ప్రింటర్ మీద పది ముక్కలూ కొట్టించుకోవచ్చు కదా అంటారు, కొట్టించాను కూడా, కానీ ఒక్కోదానికి గంటలు గంటలు పడుతుంది, పైగా పొరలు పొరలుగా పేర్చింది కాబట్టి రెక్క మొదట్లో ఆ పొరల వెంటే విరుగుతుంది. పోత పోసిన ముక్కకి ఆ పొరలు ఉండవు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఈ పని మీద వీడియోలు వందల్లో ఉన్నాయి, కానీ అందులో చాలావరకు పొడి గాలి ఉన్న ఊళ్లలో, ఏసీ గదుల్లో తీసినవి. మనకి ఒక పక్క కాలవలు, ఇంకో పక్క చెరువులు, కాస్త కిందకి దిగితే సముద్రం. ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి నీరు కారే ప్రాంతం మనది. ఇక్కడ రెసిన్ పోతలో సగం పని తేమని అదుపులో పెట్టుకోవడమే. ఈ ఒక్క సంగతి నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు.

ముందు మాస్టర్ ముక్క, అంటే అచ్చు తీయడానికి వాడే నమూనా. త్రీడీ ప్రింట్ తీసినా సరే, వడ్రంగి చేత టేకులో చేయించినా సరే, దాని మీద ఏముంటే సిలికాన్ అదే ఎక్కించుకుంటుంది. వేలిముద్ర ఉంటే వేలిముద్ర కూడా వస్తుంది, అంత ఖచ్చితం. అందుకని కార్లకి పెయింట్ వేసే షాపుల్లో దొరికే పుట్టీ పల్చగా పూసి, 220 నంబరు ఎమెరీ పేపరుతో మొదలుపెట్టి 400, తర్వాత 800 తడి పేపరుతో రుద్దాలి. చివర్లో ప్రైమర్ స్ప్రే కొట్టి ఒకరోజు పూర్తిగా ఆరనివ్వాలి. టేకుతో చేయిస్తే రంధ్రాలు మూసుకుపోయేలా లక్కో వార్నిష్షో రెండు కోట్లు తప్పనిసరి. ఈ దశలో తొందరపడితే ఆ గీతలు తర్వాత పోసే ప్రతి ముక్క మీదా కనిపిస్తాయి. నేనైతే మొత్తం పనిలో మూడో వంతు సమయం మాస్టర్ మీదే పెడతాను.

సిలికాన్‌లో రెండు రకాలు. టిన్ (తగరం) రకం అంటే గట్టిపడే మందు నూటికి రెండు నుంచి ఐదు వంతులు కలిపేది, చవక, మొండిది, దేనిమీద పోసినా దాదాపు గట్టిపడుతుంది. కాకపోతే నెలలు గడిచేకొద్దీ కాస్త కుంచించుకుపోతుంది. ప్లాటినం రకం సమానంగానో పదికి ఒకటి చొప్పునో కలిపేది, ఖరీదు ఎక్కువ, కొలత దాదాపు మారదు, కానీ మహా సున్నితం. గంధకం తగిలినా, టిన్ తగిలినా, ఇంకొన్ని రసాయనాలు తగిలినా ఆ తగిలినచోట గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు మట్టిలో చాలాసార్లు గంధకం ఉంటుంది. ఆ సంగతి తెలియక ఒకసారి కిలో ప్లాటినం సిలికాన్ ఆ మట్టి మీద పోశాను. మర్నాడు తీస్తే పైన రబ్బరు, మట్టిని తాకినచోటల్లా తుమ్మ జిగురులా చేతికి అంటుకుంది. అచ్చూ పోయింది, మాస్టర్ శుభ్రం చేసుకోవడానికి రెండు రోజులూ పోయాయి. లేటెక్స్ గ్లౌజులతో ముట్టుకున్నా, యూవీ కాంతికి గట్టిపడే రెసిన్‌తో తీసిన త్రీడీ ప్రింట్ మీద నేరుగా పోసినా ఇదే గొడవ రావచ్చు. కాబట్టి నైట్రైల్ గ్లౌజులు వాడండి, గంధకం లేని క్లే అని రాసి ఉన్నదే కొనండి, అనుమానం ఉంటే మాస్టర్ వెనకవైపు ఒక మూల చెంచాడు సిలికాన్ పోసి ఒక రాత్రి చూడండి.

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా టిన్ రకమే, రబ్బరు గట్టిదనాన్ని కొలిచే షోర్ ఏ లెక్కలో 20 నుంచి 30 మధ్య ఉన్నది. పది ఇరవై ముక్కల పనికి అది చాలు. కొలత కాస్త కూడా మారకూడదంటే అప్పుడు ప్లాటినం తీసుకోండి.

ఇక పెట్టె. సన్‌మైకా అతికించిన ప్లైవుడ్ ముక్కలు నాలుగు చాలు, మూలల్ని గ్లూ గన్‌తో అతికించండి. చీమ దూరే సందు ఉన్నా సిలికాన్ కారిపోతుంది, రాత్రి పోసి పడుకుంటే తెల్లారేసరికి సగం బల్ల మీద ఉంటుంది, కాబట్టి కింద అంచు చుట్టూ కూడా గ్లూ పట్టించండి. మన చక్రానికి లోపలి కొలత 150 బై 150, ఎత్తు 60 మి.మీ. పక్కన 15 మి.మీ. గోడ వస్తుంది. అంతకంటే పల్చగా ఉంటే అచ్చు ఉబ్బుతుంది.

ఎంత సిలికాన్ కావాలో లెక్క సులువు. 15 సెం.మీ. ఇంటూ 15 ఇంటూ 6 అంటే 1350 మి.లీ. అందులో చక్రం ఆక్రమించేది సుమారు 100 మి.లీ. మిగిలింది 1250. సిలికాన్ సాంద్రత సుమారు 1.1 కాబట్టి 1375 గ్రాములు, గిన్నెకి అంటుకునేది కూడా కలుపుకుని కిలోన్నర పెట్టుకోండి. పార్టు ఆకారం వంకరటింకరగా ఉండి లెక్క తెగకపోతే, పెట్టెలో మాస్టర్ పెట్టి పొడి బియ్యం నిండా పోసి, ఆ బియ్యాన్ని కొలత జగ్గులో కొలవండి. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు ఇంకా దొరకలేదు.

అచ్చు రెండు ముక్కలుగా తీయాలి. పెట్టె అడుగున 20 మి.మీ. మందం క్లే పరిచి, దాని మీద చక్రాన్ని వెనకవైపు కిందకి, రెక్కలు పైకి ఉండేలా కూర్చోబెట్టండి. పళ్లెం అంచు చుట్టూ క్లే సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగాలి. ఎక్కడైనా పొంగితే ఆ గీత ముక్క మీద కనబడుతుంది, చెంచా వెనకతో నెమ్మదిగా నునుపు చేయండి. తర్వాత నాలుగు మూలలా గోలీని సగం దాకా నొక్కి తీసేయండి. ఆ గుంటల్లోకి సిలికాన్ దిగి బొడిపెలవుతాయి, తర్వాత రెండో సగంలో వాటికి సరిపడా గుంటలు పడతాయి, అచ్చు మూసినప్పుడు రెండూ ఒకదాంట్లో ఒకటి కూర్చుని పక్కకి జరగవు. షాఫ్ట్ రంధ్రంలో అదే సైజు స్టీలు పిన్ను దూర్చి, దాని కొస బొడ్డు మీద నుంచి పైకి పొడుచుకుని ఉండేలా వదిలేయండి.

సిలికాన్ కలిపేటప్పుడు కళ్లతో అంచనా వేయొద్దు, తూకం వేయాల్సిందే. గిన్నె అడుగు, గోడలు గీరి గీరి కలపాలి, ఎందుకంటే కలవని మందు అక్కడే దాక్కుంటుంది. వ్యాక్యూమ్ పంపు ఉంటే గాలి తీయండి, అయితే గిన్నె సిలికాన్‌కి నాలుగైదు రెట్లు పెద్దది ఉండాలి, పాలు పొంగినట్టు పొంగి మళ్లీ కూలుతుంది. పంపు లేకపోయినా పర్వాలేదు. ముందు బ్రష్‌తో రెక్కల మూలల్లో, బొడ్డు చుట్టూ పల్చగా పూయండి, తర్వాత గిన్నెని మూరెడు ఎత్తుకి లేపి, దారంలా సన్నటి ధారగా పెట్టెలో ఒక మూలలోనే పోస్తూ ఉండండి. ధార సాగేకొద్దీ బుడగలు చిట్లిపోతాయి. ఒక మూల నుంచి అదే నింపుకుంటూ వచ్చి రెక్కల్ని ముంచాలి, చక్రం మీద నేరుగా పోస్తే కింద గాలి ఇరుక్కుంటుంది. మన ఎండల్లో ఇది తొందరగా గట్టిపడుతుంది, మే నెలలో అయితే కలిపాక తీరిగ్గా ఫోన్ ఎత్తే టైమ్ కూడా ఉండదు. పూర్తిగా తయారవడానికి మాత్రం ఒక రోజు వదిలేయండి.

మర్నాడు పెట్టెని తిరగేసి, క్లే అంతా తీసేసి, మాస్టర్‌ని మాత్రం కదపకుండా ఉంచండి. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. సిలికాన్ దేనికీ అంటుకోదు, ఒక్క సిలికాన్‌కి తప్ప. కనిపించే సిలికాన్ మొత్తం మీద వ్యాజిలైన్ చాలా పల్చగా, బ్రష్ గీతలు లేకుండా పూయకపోతే రెండు సగాలూ ఒకే దిమ్మ అయిపోతాయి, కత్తితో కోయడం తప్ప దారి ఉండదు.

రెండో సగం పోసేముందే రంధ్రాలకి ఏర్పాటు చేయాలి. మన పక్క అజ్జరంలో ఇత్తడి పోత పోసేవాళ్లకి చెప్పాల్సిన పనిలేదు, పోసేదానికి ఒక దారి ఉంటే గాలి పోవడానికి ఇంకో దారి ఉండాలి. చక్రం వెనకవైపు ఒక అంచు దగ్గర 10 మి.మీ. గొట్టం ముక్క నిలబెట్టండి, అది పోత రంధ్రం. సరిగ్గా ఎదుటి అంచు దగ్గర కూల్‌డ్రింక్ స్ట్రా సైజువి రెండు పెట్టండి, అవి గాలి రంధ్రాలు. రెక్కలు ఎప్పుడూ కిందవైపే ఉండాలి. రెక్కలు పైకి ఉంటే ఒక్కో రెక్క కొసలో గాలి చిక్కుకుని, అక్కడ మొండిగా వస్తుంది.

ఇప్పుడు అసలు పోత. మనం వాడేది పాలీయురేథేన్ రెసిన్, రెండు డబ్బాల్లో వస్తుంది. ఇందులో ఒక డబ్బాలో ఉండే ఐసోసైనేట్‌కి నీళ్లంటే పడదు. నీటి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, రెసిన్ నురగలా పొంగుతుంది. విచిత్రం ఏంటంటే టిన్ సిలికాన్ గట్టిపడటానికి ఆ తేమే కాస్త కావాలి. అదే షెడ్డు, అదే గాలి, ఒకదానికి సాయం చేస్తుంది, రెండోదాన్ని పాడుచేస్తుంది.

ఒక శ్రావణ మాసంలో వాన తెరిపివ్వగానే పోత పోశాను. డబ్బా అంతకు రెండు వారాల ముందు తెరిచింది, మూత పైపైన పెట్టి ఉంది. పోసిన రెండు నిమిషాలకి గాలి రంధ్రాల్లోంచి నురగ బయటకి వచ్చింది, తీసిన చక్రాన్ని విరిస్తే లోపల రస్కులా గుల్ల. చేతికి తేలిగ్గా కూడా ఉంది. ఆ రోజు వరుసగా నాలుగు పోశాను, నాలుగూ అంతే. తప్పు అచ్చులో ఉందనుకుని అచ్చునే పరీక్షిస్తూ కూర్చున్నాను, డబ్బా మీద అనుమానమే రాలేదు.

అప్పటి నుంచి పాటిస్తున్నవి ఇవి. డబ్బా తెరిచిన వెంటనే కావలసినంత తీసుకుని మూత బిగించి, టేపు చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన బకెట్టులో పెడతాను. పెద్ద డబ్బా చవకే అయినా కొనను, నెలలో అయిపోయే సైజే కొంటాను. కాగితం కప్పులు, ఐస్‌క్రీం పుల్లలు తేమ పీల్చుకుని ఉంటాయి, వాటి బదులు ప్లాస్టిక్ కప్పు, స్టీలు గరిటె. అచ్చుని పోతకి ముందు 60 డిగ్రీల దగ్గర గంటసేపు వేడి చేస్తాను, వంటకి వాడని పాత ఓవెన్ ఒకటి ఇందుకే ఉంచాను. తేమ చూపించే చిన్న మీటరు గోడకి తగిలించాను, 60 శాతం దాటితే ఏసీ గదిలో తప్ప పోయను. ఏసీ లేనివాళ్లు సంక్రాంతి తర్వాత మంచు తగ్గిన రోజుల్లో, పొద్దున్న పదకొండు దాటాక పోసుకోవడం మంచిది. తెల్లవారుజామున మాత్రం వద్దు.

చక్రం 100 మి.లీ. అన్నాం కదా, రెసిన్ సాంద్రత 1.05 అనుకుంటే 105 గ్రాములు, రంధ్రాలకి, కప్పుకి కలిపి 130. సమాన తూకం రకమైతే ఇది 65, అది 65. కొన్ని రకాలు తూకంలో సమానం, కొన్ని మి.లీ. కొలతలో సమానం, డబ్బా మీద చదివి తీరాలి. అచ్చు మూసి, రెండు పక్కలా ప్లై ముక్కలు పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించండి, మరీ గట్టిగా బిగిస్తే లోపల ఆకారం నొక్కుకుపోతుంది. గాలి రంధ్రాలున్న పక్కని పెన్సిల్ మందాన ఎత్తు లేపండి, గాలి అటే వెళ్తుంది. పోత రంధ్రం మీద చిన్న గరాటు నిలబెట్టండి.

ఒకదాంట్లో ఒకటి పోసి, ముప్పై లెక్కపెట్టేలోపు గీరి గీరి కలిపి, వెంటనే ఇంకో శుభ్రమైన కప్పులోకి వంచి మళ్లీ కలపండి. ఈ రెండో కప్పు అలవాటు వదలొద్దు, మొదటి కప్పు గోడకి అంటిన కలవని రెసిన్ ముక్కలో పడితే ఆ చోటు ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. వేగంగా గట్టిపడే రకాలకి మొత్తం రెండు మూడు నిమిషాలే టైమ్. పోయడం నిదానంగా, తెగని ధారగా ఉండాలి. గాలి రంధ్రాలు రెండిట్లోనూ రెసిన్ పైకి వచ్చి కనిపించాక ఆపండి. మిగిలినది కప్పులోనే ఉంచి దాన్నే చూస్తూ ఉండండి. లేత తేనె రంగులో ఉన్నది, ఉన్నట్టుండి మధ్యలో మబ్బు కమ్మినట్టు తెల్లబడి, ఆ తెలుపు అంచులకి పాకుతుంది, కప్పు వేడెక్కి చేతికి చురుక్కుమంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం ఇష్టం. కప్పులో తెల్లబడింది కదా అని అచ్చు తెరవకండి, పల్చటి రెక్కల్లో వేడి తక్కువ పుడుతుంది కాబట్టి అవి ఆలస్యంగా గట్టిపడతాయి. డబ్బా మీద పదిహేను నిమిషాలు అని ఉంటే అరగంట ఉంచండి. తొందరపడి తీస్తే రెక్క వంగి ఆ వంపుతోనే గట్టిపడుతుంది.

షాఫ్ట్ కూర్చునేచోట ఒట్టి రెసిన్ వదిలేస్తే కొన్ని రోజుల్లోనే అరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ బుష్ (షాఫ్ట్ దూరే చిన్న గొట్టం ముక్క) ఒకటి, బయట గరుకు గీతలు కొట్టించినది, అసిటోన్‌తో తుడిచి, అచ్చులోని పిన్నుకి తొడిగి పోత పోయండి, రెసిన్ దాన్ని పట్టుకుంటుంది. ఉప్పు నీటి చెరువులకి ఎస్‌ఎస్ 304 కన్నా 316 మేలు. పిన్నుకి మైనం రాయండి, లేకపోతే ఊడిరాదు.

ముక్కలో సన్న బుడగలు మిగులుతుంటే, నింపిన అచ్చుని ప్రెజర్ పాట్‌లో పెట్టి 40 నుంచి 60 పీఎస్‌ఐ గాలిలో గట్టిపడనిస్తే బుడగలు కంటికి కనిపించనంత చిన్నవైపోతాయి. దీనికి అంత ఒత్తిడికి తయారుచేసిన పాత్ర, సేఫ్టీ వాల్వ్ ఉన్నదే వాడాలి. వంటింటి కుక్కర్‌కి కంప్రెసర్ పైపు బిగించేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, పేలితే ముక్కలు మొహం మీదకే వస్తాయి.

ఊపిరి సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఐసోసైనేట్ ఆవిరి ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది, అది తగ్గేది కాదు. గుడ్డ మాస్కు పనికిరాదు, రసాయన ఆవిరికి వాడే కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు ఉండాలి, గాలి బయటకి లాగే ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ పని ఇంటికి దూరంగా పెట్టుకోండి. చేతికి అంటితే వంటనూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

మిగిలిన ద్రవాల్ని కాలవలోకో చెరువులోకో వంపొద్దు. టిన్ సిలికాన్‌లో కలిపే మందు నీటి జీవాలకి విషం, మనం బతికేదే ఆ నీళ్ల మీద. మిగిలిన రెండు పార్టుల్ని కలిపి గట్టిపడనిచ్చి, ఆ గట్టి ముక్కనే పారేయండి.

ముక్కలు తయారయ్యాక వాటి నుంచి ఏం ఆశించొచ్చో తెలుసుకోవాలి. కొలత, బిగింపు, రెక్క వంపు, మేత పడే దూరం, ఇవన్నీ నమ్మకంగా చూసుకోవచ్చు. కానీ మామూలు రెసిన్లు చాలావరకు 50 నుంచి 70 డిగ్రీల మధ్యే మెత్తబడతాయి, ఎండకి పసుపెక్కుతాయి, నైలాన్‌కి ఉన్న దెబ్బకాచే గుణం వీటికి ఉండదు. గట్టు మీద మే నెల ఎండలో నల్లరంగు ముక్క ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. అందుకే నేను రంగు కలిపితే తెలుపే కలుపుతాను, అదీ పాలీయురేథేన్‌కి పనికొచ్చే రంగే, నీళ్లున్న రంగు కలిపితే మళ్లీ నురగే. ఒక రైతు మొదటి ముక్క చేతిలో తిప్పి చూసి, "ఏవండీ, ఇది పంట అయ్యేదాకా ఆగుద్దా?" అని అడిగాడు. ఆగదేమో, ఆగకపోతే ఎక్కడ విరిగిందో ఆ ముక్క దాచి నాకివ్వండి అన్నాను. రెండు వారాలకి రెక్క మొదట్లో విరిగిన ముక్క తెచ్చిచ్చాడు. రెక్క పళ్లేన్ని కలిసే ఆ మూలలో 3 మి.మీ. గుండ్రటి వంపు పెట్టి మాస్టర్‌కి పుట్టీ పూసి మళ్లీ అచ్చు తీశాను. డై కొట్టించాక ఆ సంగతి తెలిసి ఉంటే ఎంత ఖర్చయ్యేదో.

ఒక్కో అచ్చు నుంచి ఇరవై ముప్పై ముక్కలు వస్తాయి. తర్వాత సిలికాన్ మెరుపు పోయి, పెళుసెక్కి, పల్చటిచోట్ల చిరగడం మొదలవుతుంది. పోతకి పోతకి మధ్య అచ్చు చల్లారనిస్తే, ముక్క అచ్చుకి అంటుకోకుండా ఉంచే రిలీజ్ స్ప్రే పల్చగా కొడుతుంటే ఇంకొన్ని ఎక్కువ వస్తాయి. పని అయ్యాక ఒక ముక్కని అచ్చులోనే వదిలి, మూసి, చదునైన పలక మీద నీడలో పెట్టండి, ఖాళీగా పెడితే వంగిపోతుంది. మీద మార్కర్‌తో తేదీ, ఎన్నో మార్పు, ఇప్పటిదాకా ఎన్ని పోశారు అన్నది రాసి పెట్టుకోండి.